వారము వారము వ్రాయు కథ

(మన సంఘ గ్రంథాలయ మందిరమున జరిగిన సాహిత్య గోష్ఠిలో హోసూరు ప్రాంతపు సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గోష్ఠికి నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు "పాత సీరియలు నవలలను గూర్చి మాట్లాడండి, మీరు వానిని వారము వారము కాచుకొని చదివినవారు గదా" అనిరి. సరేనంటిని. కాని పది దినముల క్రిందట మా యింట జరిగిన యొక సంగతి వలన నా యాలోచన మారినది. పాతవానిని గూర్చియు కొంత చెప్పెదను. ముఖ్యముగా మాత్రము ఈనాడు ఫోనులో భాగము వెంట భాగముగా కథ వ్రాసి లోకమునకు వెల్లడించుచున్న క్రొత్త రచయితలను గూర్చి, అందులోను మన యిండ్ల పిల్లలను గూర్చి చెప్పదలచితిని.

ఆ సంగతి యిది. మా మేనకోడలి కుమార్తె బెంగుళూరులో నొక లెక్కల కార్యాలయమున పని చేయుచున్నది. హోసూరు చెంత పుట్టి పెరిగినది. బడిలో చదివినది తమిళము, ఇంగ్లీషు. తెలుగక్షరములు మా అక్కగారి యొడిలో కూర్చుండి పాత చందమామల మీద వ్రేలు పెట్టి నేర్చుకొన్నది. ఆ పిల్ల ఆఱు నెలలుగా ఫోనులోని యొక కథల వేదికలో సీరియలు వ్రాయుచున్నదట. ఇంటిలో నెవ్వరికిని తెలియదు. ఇరువదియొక్క భాగములు వచ్చిన పిదప నొక ఆదివారము నా యొద్దకు వచ్చి ఫోను నా చేతిలో పెట్టి, "తాతా, నేనింక రాయను, నాకు తెలుగు రాదంట" అన్నది. ఆమె కన్నులలో నీరు తిరిగెను. ఎవరనిరని అడిగితిని. పేరు తెలియని పాఠకుడొకడు పదునెనిమిదవ భాగము క్రింద వ్రాసిన రెండు పంక్తులు చూపినది. ఆ పంక్తులను గూర్చి తరువాత చెప్పెదను.

మొదట పాత సంగతులు. తెలుగు నవల పుట్టుకయే ధారావాహికముగా జరిగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878 మొదలు వివేకవర్ధని పత్రికలో భాగములుగా వెలువడి, 1880లో పుస్తకమైనది. అనగా తెలుగు చదువరి నవలను చేత బట్టుటకు ముందే దానికొఱకు ఎదురు చూచుట నేర్చెను. మఱియొక సంగతి మన బోటి ప్రవాసులు మఱువరానిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో వారపత్రికగా స్థాపించినది బొంబాయి నగరమున. 1914లో నది మదరాసునకు వచ్చి దినపత్రిక యైనది. భారతి 1924లో, చందమామ 1947లో మదరాసుననే పుట్టినవి. తెలుగువారి పత్రికాపఠనమునకు ఉయ్యాల లూపిన ఊళ్ళు పెక్కు నేటి తెలుగు రాష్ట్రముల వెలుపలనే యున్నవి. ఎల్లల కీవలివారు తెలుగునకు ఏమి చేయగలరని యెవరైన నడిగినచో, ముందీ ఊళ్ళ పేర్లు చెప్పుడు.

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన తోకచుక్క మొదలగు ధారావాహికలకొఱకు మా వీథిలో నెలకొకసారి యుద్ధము జరుగుచుండెడిది. తపాలా జవాను ఎవరింట పత్రిక వేయునో ఆ యింటి పిల్లవాడే ఆ నెలకు రాజు. మా యూరిలోనే తమిళపు టిండ్లవారు కల్కి పత్రికలో పొన్నియిన్ సెల్వన్ వచ్చుచున్న యేండ్లను, అనగా 1950 నుండి 1954 వఱకు గల కాలమును, పండుగ దినములవలె తలచుకొనుట నే నెఱుగుదును. మా నాయనకు తమిళము చదువ వచ్చును. పక్కింటివారు చదివిన పిదప ఆ పత్రిక మా యింటికి వచ్చెడిదని, చదివినంత వఱకు తెలుగున చెప్పి అమ్మకు వినిపించెడివారని ఆమెయే చెప్పెడిది. రెండు భాషల నడుమ బ్రదుకువారికి ఇట్టి లాభములు కొన్ని గలవు.

ఈనాడు ఆ పత్రికలలో పెక్కు లేవు. ఆంధ్రపత్రిక, భారతి 1991 ప్రాంతమున ఆగిపోయినవి. చందమామయు లేదు. సీరియలు మాత్రము చావలేదు. అది కాగితమును విడిచి ఫోనులోనికి పోయినది. బెంగుళూరున 2014లో ఆరంభమైన ప్రతిలిపి వంటి వేదికలలో తెలుగున వ్రాయువారు, చదువువారు లెక్కకు మిక్కిలిగా నున్నారు. అమెరికాలోని తెలుగువారు 1998లో ఆరంభించిన ఈమాట వంటి పత్రికలు వేఱు. అక్కడ రచనను ముందు సమీక్షకులు చదివి, దిద్దుమని చెప్పి, పిదపనే ప్రకటింతురు. కథల వేదికలలో అట్టి ద్వారపాలకుడు లేడు. రాత్రి పదునొకండు గంటలకు వ్రాసి, పదునొకండుంబావుకు ప్రకటింపవచ్చును. పదునొకండున్నరకు విశాఖపట్నమున నొకరు, షోలాపురమున నొకరు చదివి తమ యభిప్రాయము వ్రాయుదురు.

ఇది సాధ్యమగుటకు వెనుక నొక చిన్న యుపకారము కలదు. పూర్వము కంప్యూటరులో తెలుగు కొట్టినచో, ఆ అక్షరములు అదే ఫాంటు ఉన్న యంత్రముననే కనబడెడివి. మఱియొకచోట పిచ్చిగీతలుగా మాఱెడివి. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణమున తెలుగు లిపికి స్థానము దొరకినది. క్రమముగా కంప్యూటరులు, ఫోనులు దానిని అనుసరించుటచే బరంపురమున వ్రాసిన తెలుగు భివండిలో తెలుగుగనే కనబడుచున్నది. ఇంగ్లీషు అక్షరములతో కొట్టినను తెలుగు పదము వచ్చు ఏర్పాటు కలదు. మన పిల్లలకిది వరమే. బడిలో తెలుగు లేనివారు, మాటగా మాత్రమే తెలుగు తెలిసినవారు, ఈ మార్గమున మరల అక్షరములను చేరుకొనుచున్నారు.

ఐతే ఈ వరమునకొక చిక్కు కలదు. ఫోను ఇచ్చిన పదమునే ఒప్పని నమ్ముట. మా పిల్ల నాలుగవ భాగమున నాయకునికి కోపము వచ్చిన ఘట్టమున "అతని కల్లు ఎఱ్ఱగా ఉన్నాయి" అని వ్రాసినది. కళ్ళు అనవలసినచోట కల్లు పడినది. క్రింద పాఠకులు "తాటికల్లా, ఈతకల్లా?" అని అడిగిరి. ఆమెయు నవ్వినది, దిద్దుకొన్నది. ఇట్టి తప్పులకు ఎవ్వరును సిగ్గుపడ నక్కఱలేదు. ల-ళ, న-ణ, శ-ష-సలు దిద్దుట రెండు నెలల పని. ఇంటిలోనొక పెద్దవారు పది నిమిషములు కూర్చున్న చాలును.

ఇప్పుడు ఆ పదునెనిమిదవ భాగము మాట. ఆ కథలో నొక ముసలమ్మ కలదు. ఆమె మా యూరి తెలుగు మాట్లాడును: "వాడు వస్తా ఉండాడు", "మడక కట్టేదానికి పొయ్యుండాడు", "కయ్యలో నీళ్ళు నిల్చుండాయి". పాఠకుడు వ్రాసినదేమనగా, ఇది తెలుగు కాదనియు, తెలుగు రానివారు తెలుగు కథలు వ్రాయరాదనియు. పిల్ల భయపడి పందొమ్మిదవ భాగము నుండి ముసలమ్మను కృష్ణా తీరమున పుట్టినదానివలె మాట్లాడించినది. మూడు భాగములు అట్లు వ్రాసినది. వానిని నేను చదివితిని. ముసలమ్మ పోయి, ముసలమ్మ వేషము వేసికొన్న వార్తలు చదువు స్త్రీ యొకతె వచ్చినది. పాఠకులు గూడ తగ్గిరట.

నేనామెను మందలింపలేదు. ఇడైసేవల్ అను గ్రామమును గూర్చి చెప్పితిని. అది కోవిల్పట్టి చెంతనున్నది. అచ్చటి తెలుగు కుటుంబమున పుట్టిన రైతు కి. రాజనారాయణన్‌గారు. చిన్ననాడే బడి మానినవారు. ముప్పదియైదేండ్లు దాటిన పిదప 1950ల చివర కథకునిగా వెలుగులోనికి వచ్చిరి. 1976లో వెలువడిన ఆయన నవల గోపల్ల గ్రామం తెలుగు సీమ నుండి దక్షిణమునకు వలస వచ్చిన మనబోటి వారి కథ. దాని తరువాతి భాగమైన గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన తన కరిసల్ నేల మాటనే, నల్లరేగడి పల్లెవాని మాటనే, వ్రాతలోనికి తెచ్చిరి. ఆ ప్రాంతపు మాటలకు నిఘంటువును గూడ కూర్చిరి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయమువారు ఆయనను జానపద విజ్ఞానము బోధించుటకు పిలిచిరి. 2021లో కాలధర్మము నొందిరి.

ఈ కథ చెప్పునప్పుడెల్ల నాకు సంతోషముతో పాటు చిన్న ముల్లు గ్రుచ్చుకొనును. ఆయన వ్రాసినది తమిళమున. మన వలస కథను, మన యింటి పెద్దల కథను, మనవాడే చెప్పెను. కాని మన భాషలో చెప్పలేదు. ఆయన తప్పేమియు లేదు. ఆయన చుట్టునున్న చదువరులు తమిళులు. పత్రికలు తమిళ పత్రికలు. ఆయన ముసలమ్మలు మాటాడు తెలుగును అచ్చువేయుదుమని ముందుకు వచ్చినవారు లేరు. వచ్చియున్నను, ఆ తెలుగును చూచి "ఇది తెలుగు కాదు" అని అనియుండెడివారేమో. అందుచేత మా పిల్ల ఫోనులో ఆ రెండు పంక్తులు చూచినప్పుడు నాకు కోపము కంటె భయమెక్కువ కలిగెను. నూఱేండ్లుగా ఒకే మాట వినబడుచున్నదా యని.

పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాషకొఱకు జీవితమును ధారవోసిరి. 1936 నుండి ఆ యూరు ఒడిశాలో నున్నది. చిత్తూరు జిల్లా పల్లెమాటతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు వ్రాసిన కథలను తెలుగువారందఱును మెచ్చుకొనిరి. పులికాటు తీరపు తెలుగులో స. వెం. రమేశ్‌గారి ప్రళయకావేరి కథలు వచ్చినవి. ఇన్ని జరిగిన పిదపను హోసూరు ముసలమ్మ నోరు మూయించువారున్నారు. (ఇంత చెప్పుచు నేను మాత్రము గ్రాంథికపు ఛాయలో మాట్లాడుచున్నానని వెనుక వరుసలో నవ్వుచున్నారు. నాకు బడిలో నేర్పినవారు అట్టివారు. ఇంటికి పోయిన పిదప నేనును "వస్తా ఉండా" అనువాడనే.)

ఇక సీరియలు వ్రాయు పద్ధతి. మా పిల్ల నన్ను అడిగిన ప్రశ్నలకు నేను చెప్పిన సమాధానములనే ఇక్కడ చెప్పెదను. వరుసగా రావు, క్షమింపుడు.

అన్నిటి కంటె మొదటిది, చేతిలో నిలువ లేక సీరియలు ఆరంభింపరాదు. పది పదునైదు భాగములు వ్రాసి పెట్టుకొన్న పిదప మొదటి భాగమును వెల్లడింపవలెను. ఇంటిలో జబ్బు వచ్చును, కార్యాలయమున సంవత్సరాంతపు లెక్కలు వచ్చును. ధాన్యపు గాదె యున్నవాడు వాన తప్పినను తట్టుకొనును. ఈ పిల్లకు నిలువ లేదు. రాత్రి వ్రాసి రాత్రియే వెల్లడించుచుండెను. అందుచే పాఠకుని మాట యొకటి పడగానే మఱునాటి భాగము దారి తప్పినది. నిలువ యున్నచో ముసలమ్మ భాష ఒక్క రాత్రిలో మాఱియుండెడిది కాదు. ఆలోచించుకొనుటకు వ్యవధి దొరకెడిది.

రెండవది దినము. వారమున కొకటియో రెండో, కాని ఒకే దినమున, ఒకే వేళకు. ఈ వేదికలు దినదినము వ్రాయుమని మెల్లగా నెట్టుచుండును. దినమునకొక భాగము వచ్చిన కథనే ముందు వరుసలో చూపునని రచయితలు చెప్పుకొందురు. వ్రాయగలవారు వ్రాయుదురు గాక. ఉద్యోగము చేయుచు, వంట చేయుచు, బస్సులో రెండు గంటలు నిలువబడి వచ్చు పిల్ల దినదినము వ్రాసిన, మూడవ నెలలో కథను గాక తన్ను తాను ఖర్చు పెట్టుకొనుచుండును.

భాగమనగా కథను కత్తితో నఱికిన ముక్క కాదు. ఒక్కొక్క భాగమున ఒకటి జరుగవలెను. ఎవరో ఒకరు ఒకటి తెలిసికొనవలెను, పోగొట్టుకొనవలెను, నిర్ణయింపవలెను. చివర తలుపు తట్టిన చప్పుడు పెట్టి ఆపుట సులభము. మఱుసటి భాగమున తలుపు తీసి చూచిన పాలవాడు కనబడినచో, పాఠకుడు ఒకసారి క్షమించును, రెండవసారి క్షమింపడు. మా కాలమున కొందఱు రచయితలు ఈ పాలవానితోనే ఏడాది గడిపిరి, పేర్లు చెప్పను.

ఛార్లెస్ డికెన్స్ పిక్విక్ పేపర్స్‌ను 1836లో నెలనెలా చిన్న సంచికలుగా ప్రకటింప మొదలిడెను. మొదట అమ్మకము కొన్ని వందలు మాత్రమే. నాలుగవ సంచికలో సామ్ వెల్లర్ అను సేవకుని పాత్ర ప్రవేశించినది. వాని మాట లండను వీథి మాట. అది మొదలు ఆదరణ పెరిగి, 1837లో కథ ముగియునప్పటికి నెలకు నలువది వేల ప్రతులు అమ్ముడయ్యెనందురు. ఇది చెప్పగా మా పిల్ల "అయితే వాడు కూడా ముసలమ్మే" అన్నది. నాకంటె ముందు ఆమెకే తట్టినది. తరువాతి నవలలకు డికెన్స్ ఒక్కొక్క సంచికలో ఏమి జరుగవలెనో, ఏ పాత్ర రావలెనో, రాకూడదో కాగితము మీద ముందే వ్రాసికొనుచుండెను. ఆ కాగితములు నేటికిని భద్రముగ నున్నవి. అంతటి చేయి తిరిగినవానికే పటము కావలసివచ్చినప్పుడు, మనకు అక్కఱలేదనుట గర్వము.

పాఠకుల మాట వినవలెనా, వినరాదా యని ఆమె యడిగెను. దీనికి ఆండీ వీర్ అను అమెరికా రచయిత సంగతి చెప్పితిని. ఆయన వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట. అంతకు ముందు వ్రాసినవానిని ప్రచురణ వ్యవహర్తలు త్రిప్పి పంపిరి. అంగారక గ్రహమున ఒంటరిగా చిక్కుకొన్న యొకని కథను, ది మార్షియన్‌ను, ఆయన 2009 నుండి తన సొంత వెబ్‌సైటులో అధ్యాయము వెంట అధ్యాయముగా ఉచితముగా పెట్టుచు వచ్చెను. చదువరులలో శాస్త్రము తెలిసినవారు లెక్క తప్పినచోట తప్పినదని వ్రాసి పంపిరి. ఆయన దిద్దుకొనెను. పిమ్మట వారు ఈ-పుస్తకముగా కావలెనని యడుగగా 2011లో 99 సెంట్లకు అమ్మెను. 2014లో పెద్ద ప్రచురణ సంస్థవారు అచ్చువేసిరి. 2015లో సినిమా వచ్చెను.

ఇందులో గమనింపదగినది సినిమా కాదు. అట్టి యదృష్టము లక్షలలో ఒకరిది. గమనింపదగినది ఆయన ఏ మాట వినెనో అది. రసాయనము తప్పినదన్న మాటను వినెను, ఏలయన అది సరిచూడదగిన మాట. మా పిల్ల కథలో కల్లు-కళ్ళు మాట అట్టిది. ముసలమ్మ భాష మాట అట్టిది కాదు. అది ఒక చదువరి తన యూరిని ప్రపంచ మనుకొనుట. ఈ రెండు రకముల మాటలు ఫోనులో ఒకే పరిమాణపు అక్షరములతో, ఒకదాని క్రింద ఒకటి వచ్చును. వానిని వేఱు చేయుటయే క్రొత్త రచయితకు మొదటి చదువు. ఇంకొక రకము కలదు: "సూపర్ అక్కా, నెక్స్ట్ పార్ట్ ఎప్పుడు?" అనునది. అది ఆకలికి మంచిది, ఆరోగ్యమునకు చాలదు.

చుక్కలను గూర్చియు, చదివినవారి సంఖ్యను గూర్చియు ఎక్కువ చెప్పను. ఆ సంఖ్యలు చూపునది ఎందఱు తలుపు తెఱచిరో యన్నది. మొదటి భాగమును వేయిమంది చూచి ఇరువదవ భాగమును అఱువదిమంది చూచిన, ఆ అఱువదిమందియే మన చదువరులు. మన సంఘపు వార్తాపత్రికకు ఎన్ని ప్రతులు పోవునో కార్యదర్శిగారి నడిగిన, అఱువది యెంత పెద్ద సంఖ్యయో తెలియును.

వేదికలలో ఎక్కువ పేరు పొందు కథలకు ఒక అచ్చు గలదు: కోటీశ్వరుడు, బలవంతపు పెండ్లి, కోపము, పిదప ప్రేమ. నేను పదునైదు చదివితిని. చదివితినని చెప్పుటకు సిగ్గు లేదు, రెండు బాగుండినవి. కొందఱు పెద్దలు వీనిని చూచి ముక్కు విఱుతురు. 1960ల నవలలను చూచియు ఆనాటి పెద్దలు ముక్కు విఱిచిరి. ఆ నవలల వలన వేలకొలది స్త్రీలు చదువుట మరగిరి, అద్దె పుస్తకముల దుకాణములు వీథి వీథిని వెలసినవి. నా ఆక్షేపణ వేఱు. ఆ అచ్చులో వ్రాసిన కథ హోసూరున జరిగినను, యానాములో జరిగినను, షోలాపురము మగ్గాల వీథిలో జరిగినను ఒక్కతీరుగనే యుండును. పద్మశాలి యింట పుట్టి మరాఠీ మాటల నడుమ తెలుగు మాట్లాడు పిల్లవాడు కోటీశ్వరుని కథ వ్రాసిన, ఆ మగ్గపు చప్పుడు ఎవరు వ్రాయవలెను?

సొమ్ము సంగతి. కొన్ని వేదికలలో తరువాతి భాగమును ముందుగ చదువదలచినవారు రుసుము చెల్లింతురు, అందులో కొంత రచయితకు వచ్చును. వచ్చిన తీసికొనుడు. దానిని నమ్మి ఉద్యోగము మానకుడు. స్టీఫెన్ కింగ్ వంటి జగమెఱిగిన రచయితయే 2000 సంవత్సరమున ది ప్లాంట్ అను కథను ఇంటర్నెట్టులో భాగములుగా పెట్టి, చదివినవారు నిజాయితీతో డాలరు చొప్పున చెల్లించినచో కొనసాగింతుననెను. ఆఱు భాగముల పిదప ఆ కథ ఆగిపోయినది. నేటికిని పూర్తి కాలేదు.

సొమ్ము కంటె ముఖ్యము హక్కు. మన పిల్లలు ఒప్పందపు పత్రమును చదువక "అంగీకరించితిని" అను మీటను నొక్కుచున్నారు. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము సొంతముగ వ్రాసిన కథకు మొదటి హక్కుదారు రచయితయే. నమోదు చేసిననే హక్కు వచ్చునన్నది అపోహ. ఆ హక్కు రచయిత జీవితకాలమును, పిదప 60 ఏండ్లును ఉండును. హక్కును ఇతరులకు బదిలీ చేయుట వ్రాతపూర్వకముగ, సంతకముతో జరుగవలెను. ఎంత కాలమునకో పత్రమున చెప్పనిచో అయిదేండ్లకనియు, ఏ ప్రదేశమునకో చెప్పనిచో భారతదేశమునకు మాత్రమేయనియు చట్టము గ్రహించును. కావున పత్రమున వెదకవలసినవి: కథను చూపుటకు అనుమతియా, లేక హక్కే బదిలీయా, ఎంత కాలము, నాటకమునకు, శ్రవ్యమునకు, సినిమాకు, అనువాదమునకు గూడనా, మఱియొకచోట ప్రచురించుకొనవచ్చునా. ఇంగ్లీషు అర్థము కానిచో మన సభ్యులలో వకీళ్ళున్నారు. ఒక కాఫీకి చదివి పెట్టుదురు.

ప్రతి యొకటి ఇంటిలో ఉంచుకొనుడు. ఇది చెప్పుటకు నాకు అర్హత కలదు. నా యిరువది నాలుగవ యేట నేనును నవల వ్రాసితిని. కపిల తోలు ఇద్దఱు అన్నదమ్ముల కథ. మూడువందల పుటలు, చేతి వ్రాత. ఒక వారపత్రికకు రిజిస్టరు తపాలాలో పంపితిని. రెండేండ్లు ఉత్తరములు వ్రాసితిని. ఒకసారి రైలెక్కి పోయితిని. బల్ల వెనుక కూర్చున్న గుమాస్తా అలమర వైపు చేయి చూపి "ఇందులో ఎక్కడో ఉండాలి" అనెను. అలమర పైకప్పు దాక కాగితములే. నా కథకు నకలు లేదు. ఆ తరువాత మరల వ్రాయుటకు కూర్చుండిన దినములు కలవు. పేర్లు జ్ఞాపకము వచ్చినవి, సంఘటనలు వచ్చినవి, మాటలు రాలేదు. మా నాయన కపిల తోలుచు పాడు కూతలు, ఎద్దులను పిలుచు పిలుపులు అందులో వ్రాసి యుంటిని. అవి నాకిప్పుడు గుర్తు లేవు. చెప్పువారు పోయిరి.

ఫోనులోని వేదికయు అలమరయే. కోట్లకొలది భారతీయులు వాడిన ఆర్కుట్ 2014లో మూతపడినది. అందులోని తెలుగు బృందములు, వారి వ్రాతలు, తగవులు అన్నియు పోయినవి. కావున ప్రతి భాగమును వేఱుగ దాచుకొనుడు, ఏడాదికొకసారి కాగితము మీద అచ్చు తీసి కుట్టించుడు.

ఇంక మన సంఘము చేయదగిన పని. తమిళనాట 2006లో తమిళ బోధన చట్టము వచ్చిన పిదప మన పిల్లల తెలుగు చదువు ఎంత యిబ్బంది పాలైనదో హోసూరు తల్లిదండ్రులకు చెప్ప నక్కఱలేదు. ఆ పోరాటము పెద్దలు చేయుచున్నారు, చేయవలెను. కాని బడి వచ్చు వఱకు పిల్లలు ఆగరు. బడి లేకయే తమకు తాముగ తెలుగున వ్రాయుచున్నవారు మన యిండ్లలోనే యున్నారు, ఇంటివారికి తెలియకుండ. వారెవ్వరో తెలిసికొనుటకు మన పత్రికలో రెండు పుటలు విడువవలెనని నా మనవి. వారి సీరియలులో నుండి యొక భాగమును, వారి యూరి మాటను దిద్దకుండ, అక్షరదోషములు మాత్రము దిద్ది, అచ్చువేయుదము. చదువ రాని పెద్దలకు ఎవరైన చదివి వినిపింతురు. మాటలు తెలిసినది వారికే గదా.

మా పిల్ల సంగతి అడుగుదురని యెఱుగుదును. ఆ మూడు భాగములను తీసివేసినది. మొన్న ఆదివారము మా అక్కగారి మంచము ప్రక్కన కూర్చుండి ముసలమ్మ మాటలన్నియు చదివి వినిపించినది. అక్కకు ఎనుబదియేడేండ్లు. కన్ను సరిగ కనబడదు, చెవి మాత్రము చురుకు. రెండుచోట్ల ఆపి, "అట్ల అనరు మే, కయ్యకి నీళ్ళు కట్టినాక ఆ మాట అంటారా?" అని దిద్దినది. నేను వినుచు, కపిల తోలునప్పుడు నాయన ఏమని పాడెడివాడు అక్కా యని యడిగితిని. ఆమె కొంతసేపు కన్నులు మూసికొన్నది. ఒకటిన్నర పంక్తి చెప్పినది. పిల్ల దానిని ఫోనులో వ్రాసికొన్నది.

ఇరువదిరెండవ భాగము వచ్చు శనివారము రాత్రి తొమ్మిది గంటలకు వెలువడును. ఈలోగా ఆఱు భాగములు నిలువ చేసికొన్నదట; పది కమ్మని చెప్పితిని. వ్రాయు పిల్లలు మీ యిండ్లలో నెవరైన నున్నచో, ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఈ గ్రంథాలయమునకు పంపుడు. నేనును, తెలుగు పంతులుగా పని చేసి విశ్రాంతి పొందిన మిత్రులిద్దఱును ఇచ్చట కూర్చుందుము. కాగితమైనను సరే, ఫోనైనను సరే.